తాతగారి వడ్రంగి పెట్టె: తుప్పు వదిలించాలి, మళ్ళీ పట్టకుండా చూడాలి. ఏం చెయ్యమంటారు?

అమలాపురం_అబ్బాయి

అందరికీ నమస్కారం. ఊళ్ళో ఇల్లు రిపేరు చేయిస్తూ అటక దులిపిస్తే మా తాతగారి వడ్రంగి పెట్టె దొరికింది. ఆయన పోయాక దాన్ని ఎవరూ తెరిచినట్టు లేరు. రెండు చిత్రికలు (చెక్క నునుపు చేసేవి), ఐదారు ఉలులు, బాడిస (చెక్క చెక్కేది), చేతిరంపం, బరమా (బెజ్జాలు వేసేది), సుత్తి, పిడి ఊడిపోయిన గొడ్డలి ఉన్నాయి. ఉలుల మీద తుప్పు ఎర్రగా పొడిలా రాలుతోంది. బాడిస మీద పొరలు పొరలుగా లేచింది. రంపం మీద ఏదో ముద్ర ఉంది గానీ చదవడానికి రావడం లేదు.

ఉలులూ చిత్రికలూ వాడదామని నా ఉద్దేశం. మిగతావి గోడకి పెట్టుకుంటాను. యాసిడ్‌లో పడేస్తే గంటలో తెల్లగా వస్తాయని మా బావగారు అంటున్నారు. మా వీధి చివర వెల్డింగ్ షాపతను గ్రైండర్ పెడతానంటున్నాడు. ఏ మాట వినమంటారు?

చెక్కపని

ఇద్దరి మాటా వద్దు తమ్ముడూ. గ్రైండర్ అసలే వద్దు.

ముందు ఏదీ తడపకుండా పాత టూత్‌బ్రష్‌తో పొడి తుప్పంతా దులిపేయండి. తరవాత ప్రతి పనిముట్టుకీ కిరసనాయిలు రాసి ఒక రాత్రి వదిలేయండి. కిరసనాయిలు దొరక్కపోతే డీజిల్ అయినా సరే. తెల్లారాక గుడ్డతో తుడిస్తే సగం తుప్పు అదే ఊడొస్తుంది. కింద ఏముందో అప్పుడు తెలుస్తుంది. ఏ వస్తువుకి ఎంత వైద్యం కావాలో అది చూశాక తేల్చుకోవచ్చు.

ఇంకో సంగతి. పాత ఉలులూ చిత్రిక బ్లేడులూ చాలావరకు మెత్తటి ఇనుముకి కొస దగ్గర పల్చటి ఉక్కు ముక్క అతికించి చేసినవి. శుభ్రం చేశాక పక్కనుంచి చూస్తే ఆ అతుకు సన్నటి గీతలా కనిపిస్తుంది. ప్రాణమంతా ఆ పల్చటి ఉక్కులోనే ఉంది. గ్రైండర్ తాకితే మొదట పోయేది అదే.

వైజాగ్_వెల్డర్

వెల్డింగ్ షాపువాళ్ళని మరీ అలా తీసిపారేయకండి అన్నా, నాదీ అదే వృత్తి 😀 కానీ పదునుండే పనిముట్టు తెస్తే గ్రైండర్ నేనూ పెట్టను.

కారణం వేడి. ఉక్కు వేడెక్కే కొద్దీ పైన రంగు మారుతుంది. 220, 230 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు వస్తుంది. తరవాత గోధుమ రంగు, 280 ప్రాంతంలో వంకాయ రంగు, 300 దగ్గర నీలం. ఉలి కొస నీలం తిరిగిందంటే దాని టెంపర్, అంటే గట్టిదనం, పోయినట్టే. చూడ్డానికి ఉలిలాగే ఉంటుంది, పదునూ వస్తుంది, కానీ నాలుగు దెబ్బలకే అంచు వంగిపోతుంది. మళ్ళీ కొలిమిలో పెట్టి గట్టిపరచాల్సిందే. గ్రైండర్ పెట్టినప్పుడు పల్చటి కొస నీలం తిరగడానికి రెండు క్షణాలు చాలు.

తుప్పు కాలిపోతుందని పనిముట్టుని పొయ్యిలో పెట్టేవాళ్ళని కూడా చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి.

గడ్డపార, సుత్తి తల, గొడ్డలి వెనక భాగం లాంటివాటికి వైర్ బ్రష్ చక్రం పెట్టుకోవచ్చు. కళ్ళద్దాలు మాత్రం తప్పనిసరి. ఆ చక్రంలోంచి తీగముక్కలు ఊడి సూదుల్లా వచ్చి గుచ్చుకుంటాయి. పాత రంగు ఉంటే మాస్కు కూడా పెట్టుకోండి, పాతకాలం రంగుల్లో సీసం ఉండేది.

సింపుల్_సీను

ఇంత హంగామా ఎందుకు బ్రో? బాత్‌రూం కడిగే యాసిడ్ పోయడం, అరగంట ఆగడం, కడిగేయడం. మా ఇంట్లో గడ్డపార, పార అలాగే చేశాను. తళతళలాడాయి.

రిటైర్డ్_మాస్టారు

సీను గారూ, తళతళ ఎన్నాళ్ళుంది?

బాత్‌రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. అది తుప్పుని కరిగిస్తుంది, నిజమే. తుప్పుతో ఆగదు, కింద ఉన్న మంచి ఇనుముని కూడా తినేస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు ఆ యాసిడ్‌లోని క్లోరైడ్. తుప్పు చేసిన సన్నటి గుంటల్లో అది దాక్కుంటుంది, ఎంత కడిగినా పూర్తిగా రాదు. గాలిలో తేమ తగలగానే ఆ గుంటల్లోంచే తుప్పు మళ్ళీ మొదలవుతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇనుము త్వరగా పాడయ్యేది కూడా ఆ క్లోరైడ్ వల్లే. మనం డబ్బిచ్చి మరీ దాన్ని ఇంట్లోకి తెచ్చుకుంటున్నామన్నమాట.

మూత తీసిన ఆ యాసిడ్ సీసాని మిగతా పనిముట్లున్న గదిలో పెట్టి చూడండి. ఆ పొగకే వారం తిరక్కుండా అన్నిటికీ తుప్పు పడుతుంది. పొరపాటున కూడా బ్లీచింగ్ పౌడరుతో కలపకండి. క్లోరిన్ వస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంట్లో చేసుకునేవాళ్ళకి నిమ్మ ఉప్పు మేలు. కిరాణా కొట్లో దొరుకుతుంది, అదే సిట్రిక్ యాసిడ్. లీటరు నీళ్ళకి 50 గ్రాములు కలపండి. పాత్ర ప్లాస్టిక్‌ది కావాలి, అల్యూమినియం పనికిరాదు. కిరసనాయిలు జిడ్డు ఉంటే యాసిడ్ లోపలికి దిగదు కాబట్టి ముందు అంట్ల సబ్బుతో కడగండి. వస్తువు పూర్తిగా మునగాలి. సగం బయటుంటే నీటిమట్టం దగ్గర చార పడిపోతుంది. రెండు మూడు గంటలకోసారి తీసి బ్రష్‌తో రుద్దండి. తుప్పు వదిలాక ఇంకో పూట ఉండనిద్దాం అనుకోవద్దు, నిమ్మ ఉప్పు కూడా యాసిడే.

పాలమూరు_రైతు

మాస్టారూ, మా ఊళ్ళో జంగు పట్టిన కొడవళ్ళకు చింతపండు రుద్దుతరు. అది కూడా యాసిడే కదా?

రిటైర్డ్_మాస్టారు

అవును నాయనా, చింతపండులో ఉండేది టార్టారిక్ యాసిడ్. పైపైన పట్టిన తుప్పుకి చాలు. బాగా లోతుకి దిగితే అది చాలదు. పైగా గుజ్జు మూలల్లో మిగిలిపోతే తేమ పట్టి ఉంచుతుంది.

అమలాపురం_అబ్బాయి

కిరసనాయిలు రాసి తుడిచాను. సుత్తి, బరమా దాదాపు బాగయ్యాయి. ఉలులు నిమ్మ ఉప్పులో వేశాను. సాయంత్రం తీసి కడిగి, తుడిచి కిటికీలో ఆరబెట్టాను. కాఫీ తాగి వచ్చేసరికి పైన నారింజ రంగు తిరిగేసింది! ఏమిటిది?

చెక్కపని

కంగారు పడకండి, అందరికీ అయ్యేదే. యాసిడ్‌లోంచి తీసిన ఇనుము మీద ఏ పూతా ఉండదు. తడి ఉండగా గాలి తగిలితే నిమిషాల్లో తుప్పు వస్తుంది. మళ్ళీ కాసేపు నిమ్మ ఉప్పులో ముంచండి. తీశాక వంటసోడా కలిపిన నీళ్ళతో కడగండి, యాసిడ్ విరుగుతుంది. వెంటనే మరుగుతున్న నీళ్ళు పొయ్యండి. ఇనుము వేడెక్కి తడి దానంతటదే ఆరిపోతుంది. ఆ వేడి మీదే నూనె రాసెయ్యాలి. కాఫీ తరవాత తాగొచ్చు.

డాలస్_బాబాయ్

బాడిస మీద పొరలుగా లేచిందన్నారు కదా, దానికి కరెంటు వైద్యం మంచిది. నేను ఇక్కడ పాత సామాన్ల సంతల్లో కొన్న రంపాలకీ రెంచీలకీ అదే చేస్తాను. ప్లాస్టిక్ బకెట్టులో నీళ్ళు, లీటరుకి ఒక పెద్ద చెంచా బట్టల సోడా, అదే వాషింగ్ సోడా. కారు బ్యాటరీ చార్జరు, 12 వోల్టులది. నెగటివ్ క్లిప్పు బాడిసకి, పాజిటివ్ క్లిప్పు పనికిరాని ఇనుప చువ్వకి. రెండూ నీళ్ళలో ఎదురెదురుగా ఉండాలి, ఒకదానికొకటి తగలకూడదు. స్విచ్ వేస్తే బాడిస మీద సన్నటి బుడగలు మొదలవుతాయి. కాసేపటికి నీళ్ళ మీద గోధుమ రంగు నురగ తేలుతుంది. మర్నాటికి ఎర్ర తుప్పు నల్లటి బురదలా మారి బ్రష్‌తో రుద్దితే వచ్చేస్తుంది. చువ్వ మాత్రం అరిగిపోతుంది.

క్లిప్పు తగిలించే చోట తుప్పు గీకి మెరిసే ఇనుము కనబడేలా చేసుకోవాలి, లేకపోతే కరెంటు పారదు. ఇప్పటి ఆటోమేటిక్ చార్జర్లు కొన్ని బ్యాటరీ లేనిదే పనిచెయ్యవు. మెకానిక్ షెడ్డుల్లో ఉండే పాత బరువైన రకమే దీనికి నయం. బజార్లో ఎవాపో రస్ట్ లాంటి ద్రావణాలు కూడా ఉన్నాయి, అవి చక్కగా పనిచేస్తాయి గానీ బాడిస మునిగేంత కొనాలంటే బోలెడు ఖర్చు.

రిటైర్డ్_మాస్టారు

బాబాయ్ గారు చెప్పింది సరైన పద్ధతే. యాసిడ్‌లా ఇది మంచి ఇనుముని తినదు. తుప్పుకి అడుగున కరెంటు వల్ల హైడ్రోజన్ పుట్టి పొరని వదులు చేస్తుంది, కొంత తుప్పు నల్లటి ఆక్సైడుగా మారుతుంది.

అయితే నాలుగు జాగ్రత్తలు మరిచిపోవద్దు. హైడ్రోజన్ మండే వాయువు కాబట్టి ఇది ఆరుబయటే చెయ్యాలి, దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. స్విచ్ ఆపకుండా నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు, క్లిప్పులు ముట్టుకోకూడదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు చెంచా, పళ్ళెం లాంటివి పెట్టొద్దు, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్ళలో కలుస్తుంది. సోడాకి బదులు ఉప్పు వెయ్యొద్దు, క్లోరిన్ వస్తుంది. జింకు పూత ఉన్నవి, క్రోమ్ పూత ఉన్నవి ఇందులో పెట్టకండి. చెక్క పిడి ఉంటే తీసేశాకే ముంచాలి.

ఒక సందేహం ఎవరైనా అడుగుతారేమో, నేనే చెప్పేస్తాను. బాగా గట్టి ఉక్కు హైడ్రోజన్ పీల్చుకుని పెళుసెక్కే అవకాశం ఉంది. బాడిస, గొడ్డలి తలలకి భయం లేదు. పల్చటి రంపాన్ని, స్ప్రింగులని మాత్రం రాత్రంతా అందులో ఉంచకండి.

పాలమూరు_రైతు

ఢిల్లీలో ఇనుప స్తంభం పదహారు వందల ఏండ్ల నుంచి ఎండకు వానకు నిలబడ్డది, దానికి ఎవరు నూనె రాసిన్రు? అప్పటోళ్ళ ఇనుమే వేరు.

రిటైర్డ్_మాస్టారు

ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ. దానివల్ల పైన ఒక రక్షణ పొర ఏర్పడిందని ఐఐటీ కాన్పూర్‌లో బాలసుబ్రహ్మణ్యం గారు పరిశోధించి చెప్పారు. మన గడ్డపారలో అంత భాస్వరం ఉండదు కాబట్టి నూనె మనమే రాసుకోవాలి.

పాలమూరు_రైతు

నిజామాబాద్ దిక్కు కోనసముద్రంలో మూసల్లో పెట్టి ఉక్కు తయారు చేసేటోళ్ళు, పర్షియా నుంచి వ్యాపారులు వచ్చి కొనుక్కపోయేటోళ్ళు. ఆ ముచ్చట కూడా ఎవరైనా రాయాలె.

మోడరేటర్

మంచి విషయం, దానికి వేరే చర్చ తెరవండి. ఇక్కడ తుప్పు గురించే.

కలంకారి_పిల్ల

నేను శ్రీకాళహస్తి అమ్మాయిని. గోడకి పెట్టుకునేవాటిని మెరిసేలా తోమొద్దు అని చెప్పడానికే వచ్చాను. వాడి వాడి నల్లబడిన ఆ రంగే వాటికి అందం. ఎర్ర తుప్పు తీసేసి నలుపుని వదిలెయ్యండి.

మిగిలిన పల్చటి తుప్పుకి కరక్కాయ కషాయం వాడి చూడండి. మా పనిలో బట్టని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతాం. ఇనుప ముక్కలూ బెల్లమూ రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ళతో దాని మీద గీస్తే గీత క్షణాల్లో నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. తుప్పు మీద కూడా అదే జరుగుతుంది. కరక్కాయ బెరడు దంచి నీళ్ళలో బాగా మరిగించి, వడగట్టి, చల్లారాక కుంచెతో రాయండి. ఎరుపు కాస్తా చూస్తుండగానే నీలి నలుపుకి తిరుగుతుంది. ఆరాక ఇంకోసారి. ఆ తరవాత మైనం పూయండి. చేతికీ బట్టలకీ అంటితే మాత్రం ఓ పట్టాన వదలదు, చెప్పలేదనకండి.

రిటైర్డ్_మాస్టారు

అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. మ్యూజియముల్లో పాత ఇనుప వస్తువులకి టానిక్ యాసిడ్ పూత వెయ్యడం ఉన్నదే. పొరలు లేచిన తుప్పు మీద వేస్తే లాభం లేదు, వదులుగా ఉన్నదంతా తీసేశాకే వెయ్యాలి. పదును అంచుకి అవసరం లేదు.

నిత్య_వంట

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అత్తగారి కత్తిపీట కూడా ఇలాగే ఉంది. ఇదంతా దానికీ పనికొస్తుందా?

చెక్కపని

నిమ్మ ఉప్పు వరకూ పనికొస్తుంది అక్కా. కరెంటూ, కిరసనాయిలూ, ఇంజనాయిలూ వద్దు, కూరలు తరిగేది కదా. పీట చెక్క తడవకుండా బ్లేడుకి మాత్రమే గుడ్డ ముక్క నిమ్మ ఉప్పు నీళ్ళలో ముంచి చుట్టండి. తుప్పు వదిలాక కడిగి ఆరబెట్టి వంటనూనె రాయండి. ఇక ముందు చింతకాయ, మామిడికాయ తరిగిన వెంటనే కడిగి తుడిస్తే చాలు.

అమలాపురం_అబ్బాయి

మాస్టారూ, బాబాయ్ గారూ, బాడిస అద్భుతంగా వచ్చింది! అంచుకి అతికించిన ఉక్కు గీత స్పష్టంగా కనిపిస్తోంది, చెక్కపని అన్న చెప్పినట్టే. ఇప్పుడు రెండు ప్రశ్నలు. రంపం మీద ముద్ర పోకుండా ఎలా శుభ్రం చెయ్యాలి? చిత్రిక బ్లేడు వెనక చిన్న చిన్న గుంటలు పడ్డాయి. అది పారెయ్యాల్సిందేనా?

చెక్కపని

రంపాన్ని యాసిడ్‌లో ముంచకండి. చాలా రంపాల మీద ముద్ర లోతుగా చెక్కింది కాదు, రసాయనంతో పైపైన కొరికించింది. రెండు గంటల్లో మాయమైపోతుంది. రంపాన్ని బల్లమీద పరిచి కిరసనాయిలు చల్లి, గడ్డం గీసుకునే బ్లేడుని దాదాపు పడుకోబెట్టి పట్టుకుని తుప్పు గీకండి. కాఫీ పొడి రంగులో పేరుకుంటూ వస్తుంది. తరవాత 400 నంబరు వాటర్ పేపరుని చిన్న చెక్క ముక్కకి చుట్టి, రంపం పొడవునా ఒకే దిక్కుగా లాగండి. వేళ్ళతో రుద్దితే వేలు గుంటలోకి దిగి ముద్రని చెరిపేస్తుంది. చెక్క ముక్క అయితే పైపైనే పోతుంది, ముద్ర గీతల్లోని నలుపు అలాగే మిగిలి అక్షరాలు తేలతాయి.

ఇక చిత్రిక బ్లేడు. గుంటలు ఎక్కడున్నాయన్నదే లెక్క. అంచుకి దూరంగా ఉంటే వదిలెయ్యండి, అవి ఏ పనికీ అడ్డం రావు. అంచు దగ్గరుంటే మాత్రం పదును నిలవదు. అంచు అన్నది రెండు తలాలు కలిసే గీత కదా, వెనక తలంలో గుంట ఉంటే అక్కడ అంచు తునిగిపోతుంది, చిత్రిక పట్టిన చెక్క మీద సన్నటి గీత పడుతుంది. మందపాటి అద్దం మీద ఎమెరీ పేపరు అంటించి, వెనక భాగం కొస ఒక్కటే చదునుగా రుద్దండి. 120తో మొదలుపెట్టి 220, 400. చెయ్యి నొప్పెడుతుంది. గుంటలు లోతుగా ఉంటే వెనకంతా అరగదియ్యడం కంటే అంచునే కాస్త పొట్టి చేసి కొత్తగా సాన పట్టుకోవడం తేలిక. నీళ్ళలో ముంచుతూ చెయ్యండి, వెల్డర్ అన్న చెప్పిన నీలం రంగు గుర్తుంది కదా.

సింపుల్_సీను

సరే, ఒప్పుకోను గానీ అడుగుతున్నా. ఇంత కష్టపడ్డాక ఏ నూనె రాయాలి? మా ఇంట్లో డబ్ల్యూడీ 40 స్ప్రే ఉంది, కొబ్బరి నూనె ఉంది.

వైజాగ్_వెల్డర్

డబ్ల్యూడీ 40 నీటిని తోసెయ్యడానికి చేసింది. అప్పటికప్పుడు తడి తీసెయ్యడానికి భేషుగ్గా ఉంటుంది, కానీ పల్చన. మా సముద్రపు గాలికి వానాకాలం దాటేదాకా ఆగదు. షాపులో నేను గ్రీజు రాసి ప్లాస్టిక్ కవరు చుడతాను. మురికిగానే ఉంటుంది, కాపాడుతుంది.

పాలమూరు_రైతు

మా దగ్గర నాగలి కర్రుకు, గుంటకకు, పారలకు పని కాంగనే మట్టి కడిగి కాలిన ఇంజనాయిలు పూసి పెడతరు. ముఖ్యం మట్టి కడుగుడు. తడి మట్టి అంటుకుని ఉంటే ఏ నూనె రాసినా అడుగున జంగు తింటనే ఉంటది.

చెక్కపని

ఇంజనాయిలు పొలం సామానుకి సరే. వడ్రం పనికి వద్దు, చెక్క మీద మరక పడుతుంది, రోజూ చేతికి అంటడం కూడా మంచిది కాదు. కొబ్బరి నూనె అవసరానికి పనికొస్తుంది గానీ ఆరని నూనె, నెలలు గడిస్తే దుమ్ము పట్టి జిగురుగా తయారవుతుంది. నేను వాడేది కుట్టు మిషను నూనె, పైన మైనం. తేనెమైనం తురిమి వేడి నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి, పొయ్యి మీంచి దించి దూరంగా తెచ్చాకే కొంచెం టర్పెంటైన్ కలపాలి. మంట దగ్గర కలిపితే అంటుకుంటుంది. చల్లారితే వెన్నలా ఉంటుంది, గుడ్డతో పల్చగా రాసి తుడిచెయ్యడమే. చిత్రిక అడుగున రాస్తే చెక్క మీద జారుతూ పోతుంది కూడా.

పిడులకి అవిసె నూనె రాయండి. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడెయ్యకండి, వాటంతటవే వేడెక్కి మండుకుంటాయి. పరిచి ఆరబెట్టి పారెయ్యండి.

రిటైర్డ్_మాస్టారు

నూనె ఎంత ముఖ్యమో పెట్టే చోటు అంత ముఖ్యం. గోనెసంచిలో చుట్టొద్దు, గోనె తేమని పీల్చి పట్టి ఉంచుతుంది. తోలు ఒర కూడా అంతే. సిమెంటు నేల మీద, అటక మూలల్లో వద్దు. గోడకి పెట్టేటప్పుడు వెనక చెక్క పట్టీ వేసి గోడకి తగలకుండా పెట్టండి. పెట్టెలో అయితే సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. వాడాక తుడవడం మానొద్దు, చెమటలో ఉప్పుంటుంది. వేలిముద్ర పడిన చోట ఆ ముద్ర ఆకారంలోనే తుప్పు లేవడం నేను చూశాను.

ఎప్పుడు రాయాలో గుర్తుండదంటారా, దసరాకి ఆయుధపూజ ఉండనే ఉంది. వానలు వెనకబడే సమయం కూడా అదే. పూజయ్యాక తడి పసుపూ కుంకుమా రోజుల తరబడి అలాగే వదిలెయ్యకుండా మర్నాడు తుడిచి నూనె రాయండి.

నిత్య_వంట

తుప్పు గీసుకుంటే ధనుర్వాతం వస్తుందంటారు కదా మాస్టారూ?

రిటైర్డ్_మాస్టారు

తుప్పు వల్ల కాదమ్మా. ఆ సూక్ష్మజీవి మట్టిలో, పేడలో ఉంటుంది. పాత పనిముట్లకి మట్టి అంటి ఉంటుంది కాబట్టి ఆ పేరు తుప్పుకి వచ్చింది. మెరిసే కొత్త మేకు మట్టిలో పడి గుచ్చుకున్నా ప్రమాదమే. లోతుగా తెగితే గాయం కడుక్కుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళి ధనుర్వాతం ఇంజక్షన్ సంగతి అడగండి.

అమలాపురం_అబ్బాయి

రంపం మీద అక్షరాలు తేలాయి! పై వరస ఇంకా మసగ్గానే ఉంది గానీ కింద "షెఫీల్డ్" అని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. ఇంగ్లండు సరుకు మా ఊరిదాకా ఎలా వచ్చిందో. ఇక మిగిలింది గొడ్డలి. పిడి వదులైతే నీళ్ళలో నానబెట్టమని పెద్దవాళ్ళు అంటారు. కొత్త పిడి వేయించి అలా నానబెట్టనా?

చెక్కపని

షెఫీల్డ్ రంపాలు ఆ రోజుల్లో దేశమంతా వచ్చేవి. పై వరసని ఇంకా రుద్దకండి, ఏటవాలుగా టార్చి వేసి ఫొటో తీసి చూడండి, చదవడానికి రావచ్చు.

గొడ్డలిని నానబెట్టొద్దు. చెక్క ఉబ్బి ఆ పూటకి బిగుస్తుంది, ఆరాక ఇంకా వదులవుతుంది, పైగా గొడ్డలి కన్నులో, అంటే పిడి దిగే రంధ్రంలో, తడి నిలిచి లోపలినుంచి తుప్పు మొదలవుతుంది. బాగా ఆరిన తుమ్మ చేవ పిడి వేయించి, పైకొస చీల్చి అందులో ఎండిన చెక్క చీల దిగ్గొట్టించండి. బిగించే ముందు గొడ్డలి కన్ను లోపల తుప్పు గీకి కరక్కాయ నీళ్ళు రాయడం మరిచిపోవద్దు. పిడి పైకొసకి అవిసె నూనె పీల్చినంతా పట్టించండి.

అమలాపురం_అబ్బాయి

తుమ్మ చేవ హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది అన్నా? అడితిలో అడిగితే టేకు చూపిస్తున్నారు.

పాలమూరు_రైతు

అడితిల దొరకది తమ్మీ. సంతలో పారలు, గొడ్డళ్ళు అమ్మేటోళ్ళ దగ్గర కామలు, అంటే పిడులు, విడిగా దొరుకుతయి. కొనేటప్పుడు చీలిక లేకుండ, పోగు నిలువుగా ఉన్నది ఏరుకో.